ఎగ్జామ్ గిగ్జామ్

పోలీసులు మెట్లెక్కి వస్తున్న చప్పుడు పుష్పరాణికి వినిపించలేదు. ఆ సమయంలో ఆమె ఒకే ఒక్క క్రియాపదం మీద క్లాసు మొత్తంతో కొట్లాడుతోంది.

"నది ఒడ్డును 'కొరికింది' అన్నాడు రచయిత. కోసింది అనలేదు, మింగింది అనలేదు. కొరికిందనే ఎందుకన్నాడు?"

"ఆకలేసి ఉంటుంది మిస్," అన్నాడు వెనక బెంచీ నుంచి అర్ఘ్య.

"నదికా, నీకా?"

"ఇద్దరికీ."

క్లాసు గొల్లుమంది. పుష్పరాణికి నవ్వు రాలేదు. తెల్లారితే పరీక్ష. విదేశీ బోర్డు వాళ్ళ పదో తరగతి ఇంగ్లీషు పేపరు. అంతకుముందెన్నడూ చూడని పేరా ఒకటి ఇచ్చి, రచయిత ఏ మాట ఎందుకు వాడాడో చెప్పమంటారు. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకునే పిల్లలు కూడా ఈ ఒక్క ప్రశ్న దగ్గర చేతులెత్తేస్తారు. కలకత్తా సాల్ట్ లేక్‌లో ఈ కోచింగ్ సెంటర్ నడుస్తున్నదే ఆ ప్రశ్న పుణ్యాన.

"మేడమ్, దీనికి ఆన్సర్ డిక్టేట్ చేయండి," అంది ముందు బెంచీలోంచి లక్ష్మీసౌజన్య, పెన్ను పట్టుకుని.

"చేయను. రేపు వచ్చే పేరాలో నది ఉండదు."

"పోనీ ఏది వచ్చినా పనికొచ్చే ఆన్సర్ ఒకటి..."

"బట్టీపట్టిన జవాబుకి సున్నా వేస్తారని చెప్పానుగా?"

సౌజన్య తల దించుకుంది. కిటికీ పక్కన కూర్చున్న జెఫ్రీ చెయ్యెత్తాడు.

"కొరికితే ఒక్కసారిగా పోదు మిస్. కొంచెం కొంచెంగా పోతుంది. మా బడ్జ్ బడ్జ్‌లో నది ఘాట్ మెట్లు అలాగే పోయాయి. రోజూ చూసేవాళ్ళకి తెలియనే తెలీదు."

పుష్పరాణి మార్కర్ పట్టుకున్న చేత్తోనే చప్పట్లు కొట్టబోయింది. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర ఖాకీ బట్టలు కనబడ్డాయి.

"జెఫ్రీ ఎవరు?" అన్నాడు ఎస్సై బాగ్‌చీ.

*

ఆఫీసు గదిలో బాగ్‌చీ తన ఫోను బల్ల మీద పెట్టాడు. యాభై దాటిన మనిషి. బెంగాలీలో, టీచర్లని పిలిచే 'దీదీమణీ' అన్న పిలుపుతో, నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడుతున్నాడు. పుష్పరాణిని మరింత కంగారు పెట్టింది ఆ మర్యాదే.

"నిన్న సాయంత్రం న్యూ టౌన్‌లో మీ పిల్లలు చదివే స్కూలు ఆఫీసు నంబరుకి ఒక బెదిరింపు వచ్చింది, దీదీమణీ. రేపటి పరీక్షకి సెంటరు ఆ స్కూలే. పొద్దున్నుంచి కుక్కల్ని పెట్టి వెతికించాం. ఏమీ దొరకలేదు. మెసేజ్ వచ్చిన నంబరు మాత్రం దొరికింది. అది ఈ అబ్బాయిది."

జెఫ్రీ తల అడ్డంగా ఊపాడు. "నేను పంపలేదు సార్. నా ఫోన్‌లో చూసుకోండి, అలాంటిదేం లేదు."

"పంపి చెరిపేస్తే ఎలా ఉంటుంది?"

"నా ఫోన్‌కి లాక్ లేదు సార్. స్క్రీన్ పగిలిపోయి లాక్ పనిచెయ్యట్లేదు. అందరూ వాడతారు."

అది నిజమే. క్లాసు జరిగేటప్పుడు ఫోన్లన్నీ వరండాలోని ప్లాస్టిక్ ట్రేలో పడేయాలన్నది సెంటర్ నియమం. మధ్యలో బాత్‌రూమ్‌కి వెళ్ళినవాళ్ళెవరైనా ఆ ఫోన్ తీసి ఉండొచ్చు. పుష్పరాణి ఆ మాటే చెప్పింది.

బాగ్‌చీ తలూపాడు. "అలాగైతే బ్యాచ్‌లో ఎవరైనా కావచ్చు. కానీ నా చేతిలో ఉన్న నంబరు ఒక్కడిది. సరే, రాసింది చదివి రాసినవాడి మనసులో ఏముందో చెప్పడం మీరు నేర్పుతారట కదా? ఇది చదివి చెప్పండి."

ఫోను ఆమె వైపు తిప్పాడు. ఇంగ్లీషులో రెండే వాక్యాలు.

'నో ఎగ్జామ్ గిగ్జామ్ టుమారో. ఇఫ్ యూ ఓపెన్ ద గేట్ యూ విల్ సీ వాట్ హ్యాపెన్స్.'

ఆకలితో ఉన్నవాడి ముందు విస్తరి వేసినట్టయింది పుష్పరాణికి. పదిహేనేళ్ళుగా చేస్తున్న పని. ఆగలేకపోయింది.

"ఈ గిగ్జామ్ ఏమిటో మీకు అర్థమైందా?"

"టైపింగ్‌లో తప్పు అనుకున్నాం."

"తప్పు కాదు. మీ బెంగాలీలు చా-టా అంటారు, బోయి-టోయి అంటారు. రెండో మాటకి ముందు 'ట' పెడతారు. బీహారీలు చాయ్-వాయ్ అంటారు. మా తెలుగువాళ్ళు టీ గీ, పేపర్ గీపర్ అంటారు. మాది 'గి'. మనిషి ఇంగ్లీషులో రాసినా ఈ అలవాటు మాత్రం అమ్మ భాషలోంచే వస్తుంది. ఇది రాసింది బెంగాలీ కాదు, హిందీవాళ్ళూ కాదు. తెలుగువాళ్ళు."

చెప్పి, మెప్పు కోసం చూసింది.

బాగ్‌చీ పెన్ను మూత పెట్టాడు. "చాలా థాంక్స్ దీదీమణీ. ఇందాకటిదాకా నా దగ్గర నంబరొక్కటే ఉంది. ఇప్పుడు భాష కూడా దొరికింది." జెఫ్రీ వైపు చూశాడు. "ఈ అబ్బాయి తెలుగువాడేగా?"



*

తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. ప్రిన్సిపాల్ ఫోన్ చేసి, విషయం తేలేదాకా జెఫ్రీని రేపు గేటు లోపలికి రానివ్వబోమని తేల్చేశాడు. పరీక్ష రాయకపోతే జెఫ్రీకి స్కాలర్‌షిప్ పోతుంది. అది పోతే పదకొండో తరగతిలో సీటుండదు. బడ్జ్ బడ్జ్ ఆయిల్ డిపోలో పనిచేసే తండ్రి, కొడుకుని ఆ స్కూల్లో వేయగలిగింది ఆ స్కాలర్‌షిప్ బలంతోనే. పిల్లవాడు మైనరు కాబట్టి తండ్రి వచ్చాకే స్టేషన్‌కి తీసుకెళ్తానన్నాడు బాగ్‌చీ.

ఆ తండ్రి జయరాజు అప్పటికే రైల్లో ఉన్నాడు. పుష్పరాణి ఫోన్ మోగింది.

"అమ్మా, నాను జయరాజుని. రైలెక్కీసినాను. గుంటడ్ని కొట్టినారేటి?"

"లేదన్నయ్యా. కూకున్నాడు. బాగానే ఉన్నాడు."

"ఆడు అలాటోడు కాడమ్మా. నువ్వు సెప్పు ఆల్లకి. నీ మాటంటే ఇంటారు."

ఆమె మాట విన్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ సంగతి ఆయనకి చెప్పే ధైర్యం చాలక ఫోన్ పెట్టేసింది. బడ్జ్ బడ్జ్ నుంచి శియాల్దా దాకా రైలు, అక్కడి నుంచి సెంటర్ దగ్గరున్న కరుణామయి దాకా మెట్రో. అంతవరకే గడువు.

గాజు గ్లాసులో టీ తీసుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళింది. తలుపు దగ్గర కానిస్టేబుల్ ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నాడు. పుష్పరాణి, జెఫ్రీ ఒకే తెలుగు చర్చికి వెళ్తారు. ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడుకునేది ఇంటి తెలుగే.

"మిస్, ఆల్లకి అలాగ సెప్పీసినారేటి?"

"ఉన్నది ఉన్నట్టు సెప్పేసినానురా. మనసు ఆగలేదు."

"దూర్ మిస్!" అని బెంగాలీలో విసుక్కున్నాడు జెఫ్రీ. "తెలుగోల్లంటే ఆల్ల కంటికి నాను తప్ప ఇంకెవుడు కనిపిస్తాడు?" వాడు తలుపు దగ్గరి కానిస్టేబుల్ వైపు చూశాడు. "పోలీస్-టోలీస్ అంటే మా యమ్మకి బీపీ లేసిపోద్ది. స్టేషన్-టేషన్ అన్నారంటే ఇంక..."

పుష్పరాణి టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"ఏటన్నావు?"

"ఏటన్నాను?"

"పోలీస్... తర్వాతేటన్నావు?"

"పోలీస్-టోలీస్."

"ఎగ్జామ్?"

"ఎగ్జామ్-టెగ్జామ్. మిస్, మీకేటైనా అయిందా?"

పుష్పరాణి నుదురు కొట్టుకుంది. ఎంత తెలివితక్కువ పని చేసింది! ఆమె ఇంట్లో మాత్రం ఎవరన్నారు 'గి' అని? భీమిలి నుంచి రైల్వే పనికొచ్చిన తాత నాటి నుంచి బెంగాలీల మధ్యే బతుకు. వాళ్ళమ్మ వంటింట్లోంచి "పప్పు-టప్పు", "చుట్టాలు-టుట్టాలు" అనే అరుస్తుంది. విశాఖపట్నంలో బీఎడ్ చదివేటప్పుడు ఆమె "అన్నం-టన్నం" అంటే రూమ్మేట్లు మంచాల మీద దొర్లి దొర్లి నవ్వారు. అసలైన తెలుగు 'గి' ఆమె నేర్చుకున్నది అక్కడే. అదేదో పుట్టుకతో వచ్చినట్టు ఇందాక బాగ్‌చీ ముందు గొప్పగా ఉపన్యాసం ఇచ్చింది.

కలకత్తాలో పుట్టిన తెలుగువాడి నోట 'గి' రాదు. ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్ళ నోటే వస్తుంది.

వరండాలోకి పరుగెత్తి బాగ్‌చీకి అంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఇందాక తెలుగువాడన్నారు. ఇప్పుడు ఈ తెలుగువాడు కాదంటున్నారు. 'గి'కీ 'ట'కీ తేడా ఉందని రేపు జడ్జిగారికి మీరే చెబుతారా?"

"చెబుతాను."

"ఆయనా నాలాంటి బెంగాలీయే దీదీమణీ. నవ్వుతాడు. ఇంకేదైనా రుజువు తీసుకురండి. లేకపోతే ఇంకో మనిషిని చూపించండి."

ఫోన్ మళ్ళీ మోగింది. "అమ్మా, బాలీగంజ్ దాటిపోనాది, శియాల్దా దగ్గరికొచ్చీసినాను," అన్నాడు జయరాజు.

*

బ్యాచ్‌లో కొత్తగా వచ్చిన తెలుగు పిల్ల ఒక్కతే, సౌజన్య. రెండేళ్ళ కిందట తండ్రికి ఇక్కడి సెక్టర్ ఫైవ్‌లో ఉద్యోగమొస్తే హైదరాబాద్ నుంచి వచ్చింది. ఆమె "మేడమ్, నోట్స్ గీట్స్ ఇస్తరా?" అనడం పుష్పరాణి వందసార్లు వింది.

ఆ పేరు బాగ్‌చీ చెవిన వేస్తే సరిపోతుందా? ఒక్క అక్షరం పట్టుకుని ఒక పిల్లవాణ్ణి ఇప్పటికే ఇరికించింది. అదే అక్షరంతో ఇంకో పిల్లనీ ఇరికించి, ఆ పిల్ల కూడా కాదని తేలితే?

క్లాసులోకి వెళ్ళింది. గుసగుసలు ఆగిపోయాయి. బోర్డు మీది నది పేరా తుడిచేసి ఆ రెండు వాక్యాలు రాసింది.

"మిస్, ఇది జెఫ్రీ పంపిన..."

"ఎవరు పంపారన్నది ప్రశ్న కాదు అర్ఘ్యా. ఇది మీరెన్నడూ చూడని పేరా. రచయిత మనసులో ఏముంది? ఏ మాట చూసి అలా అంటున్నారు? చెప్పండి."

పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ముందు అర్ఘ్యే తెగించాడు. "వాడు విలన్ మిస్. 'ఏం జరుగుతుందో చూస్తారు' అన్నాడు. సినిమా డైలాగ్."

"సినిమా విలనైతే ఏం చేస్తాడో చెబుతాడు. ఇక్కడ చెప్పాడా?"

"లేదు. పాపం, వాడికి బడ్జెట్ లేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకో అమ్మాయి అంది, "బాంబు అన్న మాట లేదు మిస్. గేటు అనే ఉంది. వాడికి స్కూలంటే కోపమేమో."

"కోపమని దేన్ని బట్టి అంటున్నావు?"

 పుష్పరాణి కావాలని ముందు బెంచీ వైపు చూడలేదు. బోర్డు వైపు తిరిగి మార్కర్ మూత తీస్తూ పెడుతూ నిలబడింది. 

"ఆమెకి కోపం లేదు," అంది సౌజన్య ఇంగ్లీషులో.

పుష్పరాణి తిరిగి చూసింది. సౌజన్య ముందున్న నోట్సు మూసి ఉంది. ఏడాదిగా నోట్సు చూడకుండా ఒక్క వాక్యం చెప్పని పిల్ల. క్లాసంతా 'వాడు' అంటుంటే 'ఆమె' అన్న పిల్ల.

"మరేముంది?"

"బతిమాలుతోంది. 'నో'తో మొదలుపెట్టింది చూడండి. ఇంట్లో ఎప్పుడూ ఆ మాట అనలేదు కాబట్టి అన్నిటికంటే ముందు అదే రాసింది."  అక్కడి నుంచి తనకే తెలియకుండా తెలుగులోకి జారిపోయింది. "గిగ్జామ్ అని ఎక్కిరించింది, మేడమ్. ఎందుకంటే అది శానా పెద్దగ కనబడుతుంది. ఎక్కిరిస్తే జర చిన్నగైతదేమో అని. ఏం జరుగుతదో చూస్తరు అని రాసింది గానీ, ఏం జరుగుతదో రాయలే. ఆమెకే తెల్వదు. గేటు తెరవకుంటే చాలు. ఒక్క వారమైనా తెరవకుంటే చాలు."

ఆ బల్లల మధ్య పుష్పరాణి ఇన్నేళ్ళలో విన్న జవాబుల్లో అంత మంచిది ఇంకొకటి లేదు. 

"మిస్, ఏమంది?" అన్నాడు అర్ఘ్య. "మాకూ కొంచెం ట్రాన్స్‌లేషన్..."

"నీ సిలబస్‌లో లేదు. అందరూ కిందికెళ్ళి టీ తాగి రండి. సౌజన్యా, నువ్వుండు."

*

తలుపు మూసుకోగానే సౌజన్య ఏడుస్తుందనుకుంది పుష్పరాణి. ఏడవలేదు. బల్ల మీది పెన్నుల్ని వరసగా సర్దింది.

"జెఫ్రీని పట్టుకుంటరని అనుకోలే మేడమ్. ఫోన్ ఎవరిదో దొరకదనుకున్న."

"ఎందుకు చేశావు?"

"నలభై ఆన్సర్లు బట్టీపట్టిన. నది మీద, తుఫాన్ మీద, ముసలోళ్ళ మీద. మీరేమో సున్నా అన్నరు. డాడీకి రోజు ఫోటో పంపాలె, ఎన్ని పేజీలు చదివిన్నో. నాకు సైన్స్ వస్తది, మేథ్స్ వస్తది. గీ ఒక్కటే రాదు. రచయిత ఏమనుకున్నడో నాకెట్ల తెలుస్తది?"

"ఇప్పుడు చెప్పావుగా."

సౌజన్య ఆమె ముఖంలోకి చూసింది. "మీరే చెప్పండి పోలీసులకి. నాతోని కాదు."

"నేను చెబితే నమ్మరు. ఒకసారి చెప్పి చెడగొట్టాను."

"నేను చెప్తే రేపు నన్ను రాయనియ్యరు."

అబద్ధమాడితే పని సులువవుతుంది. నోటిదాకా వచ్చింది కూడా. "రాయనివ్వరు," అంది పుష్పరాణి. "అక్టోబర్‌లో మళ్ళీ పరీక్ష ఉంటుంది. దానికి కూర్చోనిస్తారో లేదో నాకు తెలీదు. అడుగుతాను."

"జెఫ్రీ?"

"ఎవరూ నోరు విప్పకపోతే వాడూ రాయడు."

మెట్ల మీద బరువైన బూట్ల చప్పుడైంది. అది పోలీసు బూట్ల చప్పుడు కాదని పుష్పరాణి గుర్తుపట్టింది. తలుపు తోసుకుని జయరాజు లోపలికి తొంగిచూశాడు. ఒంటి మీద డిపో యూనిఫామ్, మెడ చుట్టూ తువ్వాలు. చెమటతో తడిసి ముద్దయిపోయాడు. గుమ్మానికి దగ్గరగా ఉన్నది సౌజన్యే.

"అమ్మా, నువ్వు మా జెఫ్రీ క్లాసేనా? ఆడెక్కడున్నాడో కొంచెం సెప్పవా తల్లీ?"

సౌజన్య ఆయన యూనిఫామ్ వైపు చూసింది.  పుష్పరాణి అడుగు ముందుకు వేయబోయి ఆగిపోయింది.

"రండి అంకుల్," అంది చివరికి సౌజన్య. "నేను చూపిస్త."

*

ఆఫీసు గదిలో బాగ్‌చీ లేచి నిలబడ్డాడు. తండ్రిని చూడగానే జెఫ్రీ ఏడుపు మొదలుపెట్టాడు. ఆ ఏడుపు మీదుగానే సౌజన్య ఇంగ్లీషులో అంది, "ఆ మెసేజ్ నేను రాశాను సార్."

బాగ్‌చీ అలసిపోయినట్టు పుష్పరాణి వైపు చూశాడు. "ఈ అమ్మాయితో మీరు చెప్పిస్తున్నారా దీదీమణీ?"

"లేదు సార్," అంది సౌజన్య. "జెఫ్రీ ఫోన్ ట్రేలోంచి తీసి పంపి, అతని ఫోన్‌లో డిలీట్ చేశాను. తర్వాత ఇంకోటి కూడా పంపాను."

పెన్ను తీయబోతున్న బాగ్‌చీ చెయ్యి జేబు దగ్గరే ఆగిపోయింది. "ఇంకోటా? ఏమని?"

"ప్లీజ్ అని. ఒక్క మాటే."

 బాగ్‌చీ తన ఫోన్ తీసి, ఇందాక ఎవరికీ చూపించకుండా దాచుకున్న రెండో మెసేజ్ చూసుకున్నాడు. దాన్ని స్కూలు ఆఫీసు, ఆయన తప్ప ఇంకెవరూ చూడలేదు. కుర్చీ జరిపి, "కూర్చోమ్మా," అన్నాడు.

జెఫ్రీ కన్నీళ్ళు తుడుచుకుని సౌజన్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఇంతమందిలో నా ఫోనే దొరికిందేటి నీకు?"

"దానికి లాక్ లేదు."

"అందుకా?"

"అందుకే."

వాడు పక్కనున్న కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. అది గోడకి కొట్టుకుని పడింది. జయరాజు కొడుకు భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. "ఒగ్గెయ్. రేపు పరీక్షుంది నీకు."

"సారీ," అంది సౌజన్య. జెఫ్రీ ఆమె వైపు చూడలేదు.

బాగ్‌చీ ప్రిన్సిపాల్‌తో బెంగాలీలో చాలాసేపు మాట్లాడాడు. ఫోన్ పెట్టేసి పుష్పరాణికి చెప్పాడు, "అబ్బాయి రేపు రావచ్చు. అమ్మాయి విషయం స్కూలు తేలుస్తుంది. మేమూ తేల్చాలి. చిన్నపిల్ల కాబట్టి స్టేషన్‌కి తీసుకెళ్ళను. తల్లిదండ్రుల్ని ఇక్కడికే పిలవండి."

జయరాజు కొడుకుని తీసుకుని వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తే ఇద్దరూ మెట్రో వైపు వేగంగా నడుస్తున్నారు. టీ కొట్టు దగ్గర అర్ఘ్య చెయ్యి ఊపాడు. జెఫ్రీ ఊపలేదు.

పుష్పరాణి సౌజన్య తల్లి మంగాదేవి నంబరు వెతికింది. నంబరు దొరికింది గానీ మొదటి మాట దొరకలేదు. వేలు స్క్రీన్ మీదే ఆగింది.

"ఇటియ్యండి మేడమ్," అంది సౌజన్య. ఫోన్ తీసుకుని తనే నొక్కింది. రెండు రింగులకే అవతలి గొంతు ఉత్సాహంగా పలికింది. "ఆ మేడమ్, చెప్పండి. మా పాప మంచిగ ప్రిపేర్ అయిందా?"

"అమ్మా, నేను," అంది సౌజన్య. "డాడీని గూడ లైన్‌లోకి పిలువు."